దేవుడు లేని గోడకు చెత్తకుండీ కావాలని

శ్రీయుత వార్డు శుభ్రత విభాగం అధికారి గారి సముఖమునకు,
కె.ఆర్.పురం అవతల ఆవులప్ప లేఅవుట్, చివరి వీధి కాపురస్థుడు దేవదాసు వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

దేవుడి పటం లేని గోడ కింద చెత్త పోయవచ్చునని తమరు ఏ చట్టంలో చదివారు?

విషయం: మా వీధి మూలన తీసివేసిన చెత్తకుండీని తిరిగి పెట్టించుట, రేకుల షెడ్డు ముందరి కుప్పను ఈరోజే ఎత్తించుట గురించి.

ఇదే అర్జీ కన్నడంలో రెండుసార్లు ఇచ్చాను. సీలు వేసిరి, కుప్ప పెరిగింది. తమరిది ముళబాగిలు పక్క అనీ, ఇంట్లో మాట్లాడేది తెలుగే అనీ విని ఈసారి తెలుగులో మనవి చేసుకుంటున్నాను. నేను పాస్టరును కాను. పగలు గ్రిల్లులు వెల్డింగ్ చేసి, సాయంత్రం వీధిలో వాక్యం చెప్పేవాడిని. బడి చదువు ఐదో తరగతితో సరి, మిగిలినదంతా వాక్యం చదువుకుని నేర్చినదే. గొంతు పెద్దదిగా వినిపిస్తే మన్నించవలెను.

1. మా మూలన ఇనుప కుండీ ఒకటి ఉండేది. "ఊరిలో కుండీలు ఉండకూడదు, ఇంటింటికీ ఆటో వస్తుంది" అని తమ సిబ్బంది దానిని ఎత్తుకుపోయిరి. ఆటో వచ్చేది ఎండ ఎక్కినాక. షెడ్లలో ఉండే ఆదోని, పత్తికొండ కూలీలు తెల్లవారకముందే సైటుకు పోతారు. వాళ్ళ చెత్త ఎవరి చేతికి ఇవ్వాలి?

2. కుండీ పోయిన చోటనే జనం కవర్లు విసిరిరి. తమవాళ్ళు వచ్చి అక్కడ ముగ్గు వేసిరి. ముగ్గు మీద విసిరిరి. అప్పుడు మూల ఇంటి యజమాని సొన్నప్ప గారు తన కాంపౌండు గోడకు దేవుళ్ళ టైల్సు అతికించినారు. వెంకటరమణస్వామి, పక్కన మక్కా, ఆ పక్కన సిలువ. "ఏమప్పా దేవదాసూ, మీ స్వామి కూడా ఉండాడు చూడు, మళ్ళా నా మీద కోపం పెట్టుకోవద్దు" అని నవ్వినారు. చెత్త పక్కింటి గోడకు జరిగింది. ఆ ఇంటాయనా టైల్సు తెచ్చినాడు. ఇట్లా వీధి పొడుగునా దేవుళ్ళు కాపలా నిలబడగా, చెత్త జరిగి జరిగి ఏ దేవుడూ లేని చోట ఆగింది. అది గోడ కూడా కాదు, రేకు. ఓబులేసు, రేణుక అను కూలి దంపతుల షెడ్డు.

3. రేణుకకు తొలి కాన్పు. ఆడబిడ్డ, ఇంకా పేరు పెట్టలేదు. కుప్ప పెరిగినప్పుడల్లా ఎవరో ఒకరు అగ్గిపుల్ల గీస్తారు. ఊడ్చేవాళ్ళే గీసినా వాళ్ళను నేను నిందించను. పైవాళ్ళు శుభ్రంగా ఉన్న ఫొటో అడిగితే వాళ్ళు మాత్రం ఏం చేస్తారు? ప్లాస్టిక్ పొగ రేకుల సందులోనుండి ఉయ్యాలలోకి పోతుంది. పోయిన ఆదివారం ఆ షెడ్డు దగ్గరలోని మా గదిలో ప్రార్థన నడుమ రేణుక పరుగెత్తుకొచ్చి, "అన్నా, పాప ఎగబీలుస్తాంది" అన్నది. చూస్తే బిడ్డ పెదవులు నీలం. ప్రసంగం సగంలో ఆపినది నేను నా బ్రతుకులో ఆ ఒక్కసారే.

బిడ్డను చేర్చిన ఆసుపత్రిలో నర్సు పని చేసే మా సంఘపు సారమ్మ ఈ ఉదయం కబురు చెప్పింది. "అన్నా, బిడ్డ తేరుకుంది, సాయంత్రం పంపించేస్తారు. కానీ మళ్ళీ ఆ పొగలోకే తీసుకుపోతే ఈసారి ఇక్కడిదాకా తెచ్చే వ్యవధి ఉండదు." మా ప్రార్థన గదిలో ఉండమందామంటే దాని కిటికీ కూడా కుప్ప వైపే. వాళ్ళు సొంత ఊరికి పోతే మేస్త్రీ ఆ షెడ్డును, ఆ పనిని ఇంకొకరికి ఇచ్చేస్తాడు.

4. తమ సూపర్‌వైజరు మహేశ్ గారిని కలిసితిని.

"షెడ్డోళ్ళకు నేనేమన్నా కాపలానా సార్?"

"కయీను కూడా ఇదే అడిగినాడయ్యా."

"ఆయనెవరు? ఏ వార్డు?"

తమ్ముణ్ణి చంపి, "నా తమ్మునికి నేను కావలివాడనా" అని దేవుణ్ణే అడిగినవాడని చెప్పినాను. పాపం, ఓపికగా విన్నాడు. విని, బండి డిక్కీలోనుండి ఒక సిలువ టైలు తీసి నా చేతిలో పెట్టినాడు. "మీరే ఆ రేకుకు అతికించేయండి సార్, ఇంకెవరూ వేయరు."

అయ్యా, అతికిస్తే ఏమవుతుంది? షెడ్డు దాటితే అంగన్‌వాడీ. దాని గోడకు ఏ దేవుడూ లేడు. మా వీధిలో పంక్చర్ అంగడి ఫయాజ్‌భాయ్‌ని అడిగితే, "మాకూ కడుపు మండుతుంది అన్నా, మక్కా పటం కింద కుక్కలు ఉచ్చ పోస్తుంటే" అన్నాడు. లోకపాపం మోసిన సిలువకు తమ ఆఫీసు చెత్త కాపలా ఉద్యోగం ఇచ్చింది. టైలు తిరిగి ఇచ్చేసినాను.

యెరూషలేము గోడకు పెంట ద్వారమని ఒకటి ఉండేది. దేవుని పట్టణానికే చెత్త పోవడానికి దారి పెట్టిరి. బెంగళూరు అంతకన్నా పవిత్రమా? ఆ పట్టణం బయటి లోయలో చెత్త కాల్చేవారనీ, నరకానికి ఆ లోయ పేరే వచ్చిందనీ పెద్దలు చెబుతారు. నరకాన్ని గురించి ఇన్నేళ్ళు గొంతు చించుకున్నాను. అది ఉయ్యాలకు ఇంత దగ్గరలో ఉంటుందని ఎరుగను.

కనుక కోరునది ఏమనగా: మూలన మూత ఉన్న కుండీకి అనుమతి. కుండీ లేదంటే నేనే చేసి ఇస్తాను, ఇనుము నాది, వెల్డింగ్ నాది. రోజూ దానిని ఖాళీ చేసే బండి మాత్రం తమరిది. కూలీలు పని దిగి వచ్చే వేళకు ఒక ఆటో. నిప్పు పెట్టనీయకుండా ఒక గట్టి ఉత్తరువు. అన్నిటికన్నా ముందు, ఆ కుప్ప.

ఇది చిత్తంలో ఉంచుకుంటే చాలదు, చేతిలోకి తీసుకొనవలెను.

తమకు విధేయుడు, దేవునికి మాత్రమే భయపడువాడు,
దేవదాసు

తా.క. ఇది మడత పెడుతుండగా రేణుక ఫోన్ చేసింది. "అన్నా, బయలుదేరొచ్చునా?" అని అడిగింది. ప్రార్థన గది కిటికీలోనుండి చూస్తే కుప్ప మీద మళ్ళీ సన్నగా పొగ. "కాసేపు ఉండమ్మా" అన్నాను. దేవుని జవాబుకు ఎదురుచూడమని అందరికీ చెప్పేవాడిని, తమ జవాబుకు మాత్రం ఎదురుచూడలేను. సార్, దీనిని ఫైలులో పెట్టకండి. ముందు లారీ పంపండి, తరువాత చదవండి. ఈరోజే, బిడ్డ ఇంటికి బయలుదేరకముందే.