పెనుకొండ గద్ద పక్కన

నాయనా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. ఇవాళ నేను పెనుకొండ మీద ఎగిరాను.

అది ఇంజను లేని విమానం. గ్లైడర్ అంటారు. వేడిగాలి మోస్తే పైకెక్కుతుంది, లేకపోతే దిగిపోతుంది. ఏది జరుగుతోందో పైలట్‌కు చూపించే డిజిటల్ తెరను నేనే డిజైన్ చేశాను.

మొదట్లో ధర్మవరం బుద్ధి పోనిచ్చుకోలేదు. నీ మగ్గం మీది డబుల్ షేడ్ పట్టులా మెరవాలని నీలం మీద ఆకుపచ్చ అంకెలు వేశాను. గ్లైడర్ తిరిగి ఎండ వైపు మారగానే అంకెలన్నీ మాయం. "శానా బాగుండాది మేడం, కానీ ఏమీ కనపడ్లేదు," అన్నాడు మా హిందూపురం పైలట్. అన్నీ తీసేసి, తెల్లటి తెర మీద, ఎక్కితే పైకి, దిగితే కిందికి తిరిగే ఒక్క నల్లటి ముల్లు మిగిల్చాను.

ఇవాళ వెనక సీట్లో నేను కూర్చున్నాను. కోట పైన గుండ్రంగా తిరుగుతున్నాం. ఎండ ఎటు మారినా ముల్లు కనిపిస్తూనే ఉంది, పైకి లేస్తూనే ఉంది. అంతలో ఒక గద్ద మా రెక్క పక్కకి వచ్చింది. దాని కన్ను కనిపించేంత దగ్గరికి.

బస్సు పెనుకొండ దాటినప్పుడల్లా కిటికీలోంచి గద్దను చూపించేవాడివి: "రెక్క ఆడించకుండా ఎట్ల ఎక్కుతాందో సూడు పాపా."

పైలట్ తెర చూడటం మానేశాడు. నేనూ మానేశాను. ముగ్గురం ఎక్కుతూనే ఉన్నాం నాయనా. ఎవరమూ రెక్క ఆడించలేదు.