అర్ధరాత్రి ఎండ

ప్రియమైన కొండదొరగారికి,

జీపు డ్రైవరు మీ కవరు తెచ్చిచ్చాడు. ఎప్పటిలాగే లోపల డేటా కార్డు ఒకటి, మీ ఉత్తరం అరపేజీ. వారానికోసారి జీపు దిగితే తప్ప మాట అందని చోట కూర్చున్న మనిషి ఇంకాస్త బారుగా రాయకూడదా? మన చిన్నది సైకిలు నేర్చేసుకుంది. వీధి మలుపు దాకా తొక్కుకుంటూ వెళ్లి, తిరగడం రాక దిగి నడిపించుకొస్తోంది. తిరగడం మాత్రం నాన్నే నేర్పాలట. నా మీద నమ్మకం లేదు.

ఇక అసలు సంగతి. కొత్త పరికరం బిగించినప్పటి నుంచి మీ వాతావరణ కేంద్రం పంపే అంకెలకు మతి పోయింది. ఇక్కడ ఆఫీసులో మీ ఫైలు తెరిచి గ్రాఫు గీయిస్తే అర్ధరాత్రి ఎండ మండిపోతోంది, మిట్టమధ్యాహ్నం చలి వణికిస్తోంది. నవ్వుకుని మిమ్మల్ని ఆటపట్టించేదాన్నే కానీ, అది మా ఆఫీసు పెద్దాయన కంట పడింది. "మీ ఆయన బయటికి వెళ్లి చూడకుండా గదిలో కూర్చుని అంకెలు అల్లుతున్నాడేమో కనుక్కోమ్మా" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. వచ్చే సమావేశంలోగా సరైన కారణం చెప్పకపోతే కేంద్రం మూసేస్తారట.

దాచకుండా చెప్తాను. మూసేస్తారనగానే ముందు నాకు సంతోషమే కలిగింది. మీరు ఇంటికొస్తారు కదా. భయం ఆ తర్వాత వేసింది. అక్కడ ఏం జరుగుతోందో రాయండి.

పొద్దస్తమానం తలుపు వైపే చూసే,
మీ ఆవిడ

---

ప్రియమైన అంకెలమ్మకి,

పోయిన వారం జీపులో ఉత్తరం పెట్టలేదు. కోపంతోనే పెట్టలేదు. ఆ కోపం మీ పెద్దాయన మీద. నీ మీద కూడా కొంచెం.

నేను అంకెలు అల్లలేదు. మంచు పట్టి దారి కనిపించకపోయినా పరికరం దగ్గరికి వెళ్లి చూసే వస్తున్నాను. ఇంటికి రావాలని నాకు మాత్రం ఉండదా? కానీ దొంగ అంకెలు పంపాడన్న పేరు మోసుకుని వస్తే నాకు ఇంకెక్కడా పని దొరకదు. చిన్నదానికి సైకిలు తిప్పడం నేర్పాలంటే వీధిలో తలెత్తుకుని నిలబడాలి కదా.

ఒకటి మాత్రం అర్థం కాలేదు. అందరూ అడిగితే అడిగారు, నువ్వు కూడా అడుగుతున్నావేమిటి? ప్రతి ఫైలులోనూ అంతా నీకు రాసే పంపుతున్నాను. నావి అరపేజీ ఉత్తరాలని దెప్పుతావు. మిగతా అరపేజీ అక్కడే ఉంది. చదివి ఊరుకుంటున్నావనుకున్నాను.

ఇక్కడి చలి కన్నా ఆ మాటకే ఎక్కువ వణికిన,
నీ కొండదొర

---

ప్రియమైన మీకు,

మీ ఉత్తరం చదివి ఆఫీసుకి పరుగెత్తాను. ఫైలు తెరిచి వరసలన్నీ వెతికాను. అంకెలు తప్ప అక్షరం ముక్క లేదు. మా ఆఫీసులో ఫైలు రాగానే అందరం నేరుగా వరసల్లోకి దూకేస్తాం. కవరు మీద ఎవరి పేరుందో చూడకుండానే చించేసే రకం. ఫైలు ఎవరు తయారుచేశారు, అందులో ఏముంది అని చెప్పే 'వివరాలు' అనే కిటికీ ఒకటి ఆ ప్రోగ్రాములోనే ఉంది. దాని ముఖం చూసినవాళ్లు లేరు.

ఫైలు పేరు మీద నొక్కి ఆ కిటికీ తెరిచాను. ఫైలు పరిమాణం, ఎన్ని వరసలు, పరికరం నంబరు, కొలతలు మొదలైన సమయం. అన్నిటికన్నా కింద 'వ్యాఖ్యలు' అని ఒక గడి. అందులో మీరు.

"కార్డు తీసి బ్యాటరీ మార్చాను, మిట్టమధ్యాహ్నం. పొద్దున పూట వేళ్లు కొంకర్లు పోయి మూత మర తిరగదు. ఈ కొత్త పరికరం తేదీ అడుగుతుంది గానీ గంట అడగదు. బ్యాటరీ వేసిన క్షణమే రోజు మొదలైందనుకుంటుంది. నువ్వు సరిచెయ్యి. చిన్నది నిద్రలో ఇంకా దుప్పటి తన్నేస్తోందా?"

పైన సమయం చూస్తే అర్ధరాత్రి అని ఉంది. మీ మధ్యాహ్నాన్ని అది అర్ధరాత్రి అనుకుంది, అంతే. ఆ మొదటి గంటను మిట్టమధ్యాహ్నంగా మార్చాను. వరసలన్నీ ఒక్కసారిగా జరిగి, ఎండ పగటికీ చలి రాత్రికీ వెళ్లిపోయాయి. మిగతా ఫైళ్లూ సరిచేశాను. తర్వాత కొత్త పరికరం రాకముందువి కూడా తెరిచాను, అవి సరిచేయడానికి కాదు. ప్రతి గడిలోనూ మీరున్నారు. ఒకదాంట్లో "పచ్చ శాలువా కప్పుకుంటున్నావా?" అని అడిగారు. ఆ శాలువా చిరిగిపోయి కూడా ఎన్నాళ్లో అయింది, ఇప్పుడేం జవాబు చెప్పను? నేను ఏడుస్తూ నవ్వుతుంటే పక్క కుర్చీ ఆవిడ కంగారుపడి మంచినీళ్లు తెచ్చిచ్చింది.

మా పెద్దాయనకి చూపించాను. ఆ గడి చదివి, "తొందరపడి అన్నానమ్మా, మీ ఆయనకి ఆ మాట రాయి" అన్నాడు. కేంద్రం మూయరు. అంటే మీరు రారు. అది తెలిసే చూపించాను. మళ్లీ ఏళ్ల తరబడి ఆ కొండేనా అనిపించింది గానీ, మీ పేరు పోగొట్టి మిమ్మల్ని తెచ్చుకోవడం నాకు వద్దు.

ఇకపై ముందు ఆ గడే తెరిచే,
మీ ఆవిడ

---

ప్రియమైన అంకెలమ్మకి,

నీకు చెప్పకుండా ఒక పని చేశాను. కొత్త పరికరం రాకముందే ఇంటికి బదిలీ అడిగాను. అంతకుముందోసారి ఇస్తామన్నారని నీకు చెప్పి, అది కాస్తా చేజారితే నువ్వు ఎలా అయిపోయావో నాకు తెలుసు. అందుకే ఈసారి నోరు కట్టేసుకున్నాను. అంతా సిద్ధమై సంతకం పడే వేళకి ఈ అంకెల గొడవ వచ్చింది. అది తేలేదాకా బదిలీ ఆపేశారు. కేంద్రం మూసినా మూయకపోయినా, ఆ అనుమానం ఉన్నంతకాలం తలెత్తుకుని ఇంటికొచ్చే దారి నాకు లేదు. నన్ను ఇక్కడే కట్టేస్తున్నాననుకుంటూ నువ్వు మార్చిన గంట ఉంది చూశావా, ఆ కట్టు విప్పింది అదే.

నీ ఉత్తరం తెచ్చిన జీపులోనే ఉత్తర్వు వచ్చింది. నా చోట పనిచేసే కొత్తావిడ కూడా వచ్చింది. పరికరం చూపిస్తుంటే "ఇందులో గంట ఎక్కడ పెట్టాలండీ?" అని మొట్టమొదట అదే అడిగింది. ఈ కొండకిక నా అవసరం లేదు.

ఈ చివరి నాలుగు ముక్కలు మన వీధి మలుపులో అరుగు మీద కూర్చుని రాస్తున్నాను. ఎదురుగా చిన్నది సైకిలు దిగి, నన్ను చూసి, సైకిలు కింద పడేసి వచ్చింది. ఇప్పుడే తిరగడం నేర్పాను. ఈ కవరు దానికిచ్చి పంపుతున్నాను. దిగకుండా వచ్చిందో లేదో నువ్వే అడుగు.

అడిగాక ఓసారి తలుపు వైపు చూడు.

నీ కొండదొర