గౌరి కంట్లో పురుగు

ఏవండీ,

రేపటికి మీరు పోయి ఏడాది. మన గేదె గౌరి కంట్లో మళ్ళీ తెల్లటి దారంలాంటి పురుగు కదిలింది. కైకలూరు పశువుల ఆస్పత్రికి నేనే తోలుకెళ్ళాను.

మొదటిసారి అది కనబడినప్పుడు మీరు మీ బోదకాలు వంక చూసుకుని, "నా జబ్బునే దోమలు దీనికీ అంటించాయే" అన్నారు. ఆ రోజు నుంచి పాలు పితకడం నాకప్పగించి, పాకలో మళ్ళీ అడుగు పెట్టలేదు. మీరు కాలీడ్చుకుంటూ వచ్చే చప్పుడు వింటే చాలు, అది మీ దగ్గరికి రావాలని పలుపు తెంపుకునేంత పని చేసేది. మీరు అరుగు మీద నుంచే "ఉండవే తల్లీ" అనేవారు.

డాక్టరుగారు పురుగును బయటికి తీసి, మైక్రోస్కోపులో చూశారు.

"ఇది బోదకాలు పురుగేనాండీ?" అని అడిగాను.

"దానికి చుట్టమేనమ్మా, కానీ అది కాదు. ఇది పశువులది. కోతుల్లో, కుక్కల్లో ఉండేవి ఇంకో రకం. మన బోదకాలు గేదెకి రాదు. ఏమ్మా, ఎందుకడిగారు?"

"ఊరికేనండీ" అన్నాను.

ఇంటికొచ్చాక గౌరి పాకలోకి వెళ్ళకుండా అరుగు దగ్గర ఆగిపోయింది. నేను అదిలించలేదు.