పోతురాజు నడుముకి తామర

జూన్ 8, ఆదివారం
మృగశిర. బస్తీ అంతా చేపల కూర తింటోంది. నేనూ తిన్నాను, తినగానే మొదటి క్యాప్సూల్ మింగాను. ఈ రోజు నుంచి ఈ అంజన్ కొత్త మనిషి.

సంగతి ఇదీ. నడుము చుట్టూ తామర. ఉంగరాలు ఉంగరాలుగా, ఒకటి కాదు, నాలుగు. ఛత్రినాకలో మాది పాల వ్యాపారం. పొద్దున లేస్తే తడిబట్టలతోనే పని, అందుకే వచ్చిందని డాక్టరమ్మ అంది. ఆరు వారాల కోర్సు రాసింది. రోజూ భోజనం కాగానే క్యాప్సూల్, స్నానం కాగానే పూత. నా తువ్వాలు నాకే. దురద పోయినా సరే మందు ఆపకూడదు.

ఆరు వారాలు అయ్యేసరికి మా బోనాలు. ఈసారి పోతురాజు వేషం నాది! మా ఇంట్లో అది తాతది, ఆయన తర్వాత బాపుది. ఇప్పుడు బాపు మోకాళ్లు పోయాయి. ఒళ్లంతా పసుపు, నడుముకి ఎర్ర దట్టి, చేతిలో కొరడా, డప్పుల ముందు నేను. చిన్నప్పటి నుంచి దీనికోసమే కాచుకుని ఉన్నాను.

బాపు ఒక్కటే షరతు పెట్టాడు. "అమ్మవారి ముందల ఎగిరే ఒళ్లురా అది. గోక్కుంట నిలవడితే ఇజ్జత్ వోతది. పండుగ నాటికి తగ్గకుంటే పింటూ కడతడు వేషం."

పింటూ మా బాబాయి కొడుకు. పక్కనే కూర్చుని చేప ముళ్లు ఏరుకుంటున్నాడు. నా తామర గురించి వాడి మొహంలో బాధేమీ కనిపించలేదు.

జూన్ 12
క్యాప్సూల్: అయింది.
పూత: అయింది.
తువ్వాలు: ఎండలో.
గోకడం: లేదు. (నిద్రలో కొంచెం. అది లెక్కకు రాదు.)

మా చెల్లెలు నందిని యూనివర్సిటీ లాబ్‌లో ఫంగస్ మీద ప్రాజెక్ట్ చేస్తోంది. చొక్కా ఎత్తమని, నా నడుము మీది పొట్టు గీకి చిన్న డబ్బీలో వేసుకుంది. "మంచిగ పెంచి చూస్త అన్నా" అంది. మా దూడ గురించి కూడా ఆమె అంత ప్రేమగా ఎప్పుడూ మాట్లాడలేదు.

జూన్ 19
దురద లేదు! మచ్చలు పలచబడ్డాయి. మందు మధ్యలో ఆపొద్దని గల్లీలో కనబడ్డ వాళ్లందరికీ చెప్పాను. ఎవరూ అడగలేదు, అయినా చెప్పాను.

బాపు పెట్టెలోంచి ఎర్ర దట్టి తీసి నా నడుముకి కట్టి చూశాడు. ముడి విప్పి మళ్లీ కట్టాడు, అది నచ్చక ఇంకోసారి కట్టాడు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

జూన్ 26
ఆషాఢం వచ్చింది. గోల్కొండలో మొదటి బోనం. నేను నిష్ఠ పట్టాను. ముక్క లేదు, చుక్క లేదు, సాయంత్రం దీపం పెట్టేదాకా ఒక్కపొద్దు.

పింటూ వచ్చి నా మందు డబ్బా తిప్పి తిప్పి చూశాడు. "అన్నా, ఈ గోలీ మీది పెంకు దేంతోని జేస్తరో ఎర్కేనా? పశువుల బొక్కలల్లకెల్లి తీస్తరంట. నిష్ఠల ఉండి బొక్కలు మింగుతవా?"

ఎముకలా అని మస్తు ఆలోచించాను. వాడు ఇంటర్ గట్టెక్కలేదు కానీ ఈ విషయంలో వాడిని కొట్టిపారేయడానికి లేదు. పోనీ పెంకు విప్పి లోపలి మందు మింగుదామని చూస్తే, సన్నటి పూసల్లాంటివి నేలంతా దొర్లాయి. సగ్గుబియ్యం ఎవరు ఒలకబోశారని నాయనమ్మ బుచ్చమ్మ తిట్టుకుంటూ ఊడ్చేసింది.

తీర్మానంలో చిన్న సవరణ: నిష్ఠ ఉన్నన్నాళ్లు క్యాప్సూల్ రోజు విడిచి రోజు. ఎలాగూ దురద లేదు. మిగతాది అమ్మవారు చూసుకుంటుంది.

జూలై 2
రోజు విడిచి రోజు కాస్తా గుర్తొచ్చినరోజు అయింది. ఇందులో నా తప్పేమీ లేదు. బేగంబజార్ పోయి గజ్జెలు తేవాలి, డప్పులవాళ్లతో మాట్లాడాలి, వేపకొమ్మలకి చెప్పి పెట్టాలి. ఒక్క మనిషి ఎన్ని పనులు చేస్తాడు?

రోజూ దట్టి కట్టుకుని డాబా మీద అడుగులు వేస్తున్నాను. చెమట ధారలు కడుతోంది.

నడుము దగ్గర కొంచెం చిమచిమ. పసుపు వల్ల అయి ఉంటుంది. (పసుపు ఇంకా పూయలేదు.)

జూలై 6
ఆరు ఉంగరాలు.

బాపుకి చెప్పలేను. నందినికి చెబితే తిడుతుంది. పింటూకి చెప్పాను. వాడు వెంటనే జేబులోంచి ఒక ట్యూబు తీశాడు. "అఫ్జల్‌గంజ్‌ల ఒక మెడికల్ షాపాయన ఇచ్చిండు. ఐదు మందులు ఈ ఒక్కదాంట్లనే ఉంటయ్. ఇయ్యాల వెట్టు, రేపటికి సాఫ్. ఫికర్ జెయ్యకు."

వాడి మంచితనానికి నా కళ్లు చెమర్చాయి.

జూలై 8
నిజంగానే సాఫ్! ఎరుపు లేదు, దురద లేదు. డాక్టరమ్మ ఆరు వారాలంటుంది, ట్యూబు రెండు రోజులంటుంది. చదువుకున్నవాళ్లతో ఇదే లొల్లి. క్యాప్సూళ్లకి సెలవు ఇచ్చేశాను.

జూలై 15
ఇప్పుడు ఉంగరాలు కావు, దేశపటం. నడుము దాటి వీపు మీదికి పాకింది. ట్యూబు పెడితే తగ్గుతుంది, ఆపితే రెండింతలు వస్తుంది.

చివరికి నందినికి చూపించాను. తిట్టలేదు. లాబ్‌కి తీసుకుపోయి రెండు ప్లేట్లు ముందు పెట్టింది. రెండింటిలోనూ నా క్యాప్సూల్ మందే ఉందట, రెండింటిలోనూ నా నడుము ఫంగసే వేసిందట. ఒకదాంట్లో ఏమీ లేదు. రెండోదాంట్లో తెల్లగా దూది లెక్క పెరిగి ఉంది. చూడ్డానికి ముద్దుగా ఉంది, నేను ఒక్క క్షణం గర్వపడ్డాను కూడా.

"ఈ రెండోదానికి ముందుగాల కొన్నొద్దులు కొంచెం కొంచెం మందే ఇచ్చిన. నువ్వు మింగినట్టే. దాని లోపల పంపుల జీన్‌లు ఉంటయ్ అన్నా. మామూలప్పుడు మెల్లగ నడుస్తయ్. మందు జరంత తాకితే స్విచ్ ఆన్ అయితది. నీళ్లొచ్చిన దినం గల్లీల అందరు మోటర్లు ఏసినట్టు, వచ్చిన మందును వచ్చినట్టే బయటకి తోడుతది. నిండ మందు ఒక్కసారి వడితే దానికి గంత టైం యాడిది?"

"మరి ట్యూబో?"

"దాంట్ల స్టెరాయిడ్ ఉంటది. ఫంగస్‌ను చంపదు, దాంతోని కొట్లాడే నీ ఒంటినే పండవెడతది. కావలోనికి కల్లు తాపి, ఇంట్ల దొంగలు లేరంటున్నవ్ నువ్వు."

ఇంటికొచ్చేదాకా బస్సులో నిలబడే ఉన్నాను, సీటుకి ఆనుకుంటే దురద.

జూలై 17
బాపు ముందు చొక్కా విప్పి నిలబడ్డాను. ఆయన చూసి, "పింటూకు చెప్పు" అన్నాడు. అంతే, తిట్లు కూడా లేవు. తిట్టినా బాగుండేది.

కొట్టంలో బర్రెల మధ్య కూర్చుని ఏడ్చాను. ఇన్నేళ్ల ఆశ నా చేతులారా పోగొట్టుకున్నాను.

జూలై 20, బోనాలు
పింటూకి పసుపు పూసే పని నాకే పడింది. వాడు చొక్కా విప్పనంటాడు. "నేనే పూస్కుంట, నువ్ బయటకి వో అన్నా." వీపుకి చెయ్యెలా అందుతుందిరా అని చొక్కా లాగేశాను.

నడుము చుట్టూ నాకంటే పెద్ద దేశపటం. ట్యూబు వాడి జేబులో ఎందుకుందో అప్పుడు తెలిసింది.

"పెదబాపుకు చెప్తవా?" అన్నాడు పింటూ. చెప్పాలనే నోరు తెరిచాను. చెప్పే పని లేకుండానే బాపు వెనకనుంచి వచ్చి అంతా చూశాడు.

గల్లీ మొదట్లో డప్పులు మొదలయ్యాయి. బాపు తలుపు గడియ పెట్టాడు. కొడతాడేమోనని ఇద్దరం గోడకి జరిగాం. ఆయన మెల్లగా తన పంచె అంచు కిందికి జరిపాడు. నడుము మీద నల్లబడ్డ పాత ఉంగరాలు, ఒకదాన్ని ఆనుకుని ఒకటి.

"ఎన్నేండ్లాయెనో నాకే యాదికి లేదు" అన్నాడు. "ఎగిరినన్ని ఏండ్లు దీంతోనే ఎగిరిన. ఒక్కనికి చెప్పలే, నామోషి. మీరన్నా నా లెక్క దాసుకోకుండ తగ్గించుకోవాల్నని షరతు వెట్టిన. మీరు నాకంటె నేర్పరులయిండ్రు."

పింటూనే పసుపు గిన్నె నా వైపు తోశాడు. "ముగ్గురికి ఉన్నంక మనిద్దర్ల వరస పెద్దోనిదే. నువ్వే కట్టు అన్నా."

పాత దట్టి నిండా ఫంగసే, అది వద్దని నందిని కిటికీలోంచే అరిచి, ఎక్కడినుంచో కొత్త ఎర్రబట్ట తెచ్చి ఇచ్చింది. బాపు ముడి వేశాడు. పింటూ పసుపు పూశాడు. గోకి గోకి పుండైన చోట పసుపు తగిలేసరికి నా ఒళ్లు భగ్గుమంది.

ఆ మంటకి నేను ఎగిరిన ఎగురు ఛత్రినాకలో ఎవరూ చూసి ఉండరట. డప్పులవాళ్లు నన్ను అందుకోలేకపోయారు. తాత మళ్లీ దిగొచ్చాడని నాయనమ్మ దండం పెట్టింది. పింటూ బిందెతో నీళ్లు పట్టుకుని, ఏడుస్తూ నవ్వుతూ నా వెంటే ఉరికాడు. బతుకులో ఇంత సంతోషం నాకు ఎప్పుడూ లేదు.

జూలై 22
మొదటి రోజు.

ముగ్గురం డాక్టరమ్మ దగ్గరికి పోయాం. జనం నిండుగా ఉన్నారు. ఏం బాధ అని కాంపౌండర్ అడిగితే నేను గొణిగాను, పింటూ దగ్గాడు. బాపు అందరికీ వినబడేలా, "తామర. ముగ్గురికీ" అన్నాడు.

మందు మారింది, కోర్సు పెరిగింది. ఇంట్లో నందిని పెద్ద డేగిశాలో పాత దట్టి ఉడకబెడుతోంది. అమ్మవారి బట్టని బిర్యానీ చేస్తున్నారని నాయనమ్మ లొల్లి.

భోజనం అయింది. బాపు క్యాప్సూల్ మింగి, నోరు తెరిచి, నాలుక ఎత్తి నాకు చూపించాడు. "నీది సూపెట్టు" అన్నాడు. మింగి చూపించాను.

పింటూ నోరు తెరవడానికి కొంచెం ఆలోచించాడు.