పదకొండు మంది ఊపిరి

9 మార్చి 2004
హైదరాబాద్ నుంచి ప్రేమ్‌చంద్ అని డాక్టర్ సార్ వచ్చిండు. మా పసుపు మిల్లుల పాలిష్ డ్రమ్ముల కాడ పనిజేసేటోళ్ల ఊపిరి కొలుస్తడంట. దుమ్ముతోని పానం ఏమన్న ఖరాబైతున్నదా అని రిసెర్చ్. పైపుల ఊదితె మిషన్ల నంబర్ వస్తది. నలభై మంది కావాలన్నడు. సేటు నన్ను చూయించి, గంగాదాస్ చెప్తె అందరొస్తరు అన్నడు. వస్తరు మరి. నన్ను తిట్టుకుంటనన్న వస్తరు.

10 మార్చి
జర మజాక్ చేసిన. గది కల్లు పట్టే మిషన్ రా, పొద్దుగాల తాగొచ్చినోని పేరు సేటుకు చెప్తది అన్న. అంతే. పదకొండు మంది సంచుల ఎనుక దాక్కున్నరు. అందరికన్న ముందు మా చెల్లె భీమవ్వ మొగడు నడిపయ్య. బావా నీ కాల్మొక్త, నా పేరు మీద నువ్వే ఊదు, సేటు కూలి బంద్ జేస్తడు అన్నడు. నేను కల్లు ముట్ట. బయట కాంట కాడ ఉంటా, దుమ్ము సుత తక్కువ. పదకొండు పేర్ల మీద పదకొండు సార్లు ఊదిన. ఒకపారి రుమాలు కట్టి, ఒకపారి టోపీ పెట్టి. మిషన్ కాడ కూసున్నాయన మొఖం చూడడు, నంబరే చూస్తడు. నడిపయ్య నవ్వి నవ్వి కింద కూలవడ్డడు.

11 మార్చి
పొద్దుగాల నవ్వు రాలే. జనం పానాల కోసం చేసే పనిల మజాక్ ఏందని అనిపించింది. లాడ్జికి పోయి సార్‌కు అంతా చెప్పిన. కోపం జేస్తడనుకున్న. చాయ్ తాపిండు. పదకొండు పేర్లు అడిగి బుక్కుల రాస్కున్నడు. గవన్నీ కొట్టేస్త, ఫికర్ జెయ్యకు, నీ అసొంటి నిజం చెప్పే మనిషిని చూడలే అన్నడు. భుజం తట్టిండు. రొమ్ము ఇరుసుకొని నడుసుకుంట ఇంటికొచ్చిన.

20 ఫిబ్రవరి 2006
నడిపయ్య దగ్గు ఏడాది సంది తగ్గుతలేదు. నాలుగు అడుగులేస్తె కూసుంటున్నడు. నేనే సేటు కాడికి పోయి, మా బావను డ్రమ్ము కాడికెల్లి తీసి బయట సంచులు కుట్టే పనిల పెట్టుండ్రి, డ్రమ్ముల రూముకు దుమ్ము గుంజే ఫ్యాన్ పెట్టుండ్రి అన్న. సేటు సొరుగులకెల్లి ఇంగ్లిష్ కాగితం తీసిండు. ప్రేమ్‌చంద్ డాక్టరే రాసిండు, డ్రమ్ము పనితోని ఏం కాదని. ఇగో నీ బావ చీటీ, నంబర్ పద్నాలుగు, పాతికేండ్ల పోరగాని ఊపిరంట, పని దొంగ మాటలు బంద్ జెయ్యమను అన్నడు.
పాతికేండ్లు కాదు. నాకు నలభై ఆరు.

23 ఫిబ్రవరి
పక్కింటి లిదియక్క బిడ్డ కరుణశ్రీ నర్సింగ్ చదువుతది. నెట్ సెంటర్ల కూసోవెట్టి ఆ కాగితం ఎతికిచ్చి చదివిచ్చిన. మామా, నలభై మందినీ లెక్కల వట్టిన్రు అన్నది. మళ్ల చూడు అన్న. మళ్ల చూసింది. నలభయే. ఒక్క పేరు కొట్టెయ్యలే.
ఇంకోటి చెప్పింది. సైటేషన్ అంటరంట. వేరే డాక్టర్లు తమ కాగితాలల్ల, ప్రేమ్‌చంద్ గిట్ల అన్నడు అని రాసుడు. ఇరవై ఆరు మంది రాసిన్రు. ఎంత మంది రాస్తె గంత పెద్దోడంట.

24 ఫిబ్రవరి
ఇరవై ఆరు మంది సదువుకున్నోళ్లు నా ఊపిరిని నమ్మిన్రు.

2 మార్చి
ఎస్టీడీ బూత్‌ల కెల్లి సార్‌కు ఫోన్ చేసిన. నవ్వుకుంటనే అడిగిన, సార్, నన్ను ఒక్కన్ని పదకొండు మందిని చేసినవా అని. ఆయన సుత నవ్విండు. నలభైకి తక్కువుంటె అచ్చెయ్యరు గంగాదాస్, చిన్న ముచ్చట అది, ఇడువు అన్నడు. నడిపయ్యకు ఊపిరి ఆడుతలేదు సార్ అన్న. దవాఖానకు తీస్కపో అని పెట్టేసిండు.

5 మార్చి
ఆ కాగితం అచ్చేసిన డాక్టర్ల పుస్తకమోళ్లకు కరుణశ్రీ ఇంగ్లిష్‌ల లెటర్ కొట్టింది. నేను చెప్పిన, ఆమె రాసింది. కల్లు, టోపీ, లాడ్జి, చాయ్, అన్నీ. నీ పేరు వద్దు మామా, నీ మీదికే వస్తది అన్నది. పెట్టమన్న.

18 జూన్
జవాబు రాలే. నడిపయ్య డ్రమ్ము కాడ పడిపోయిండు. సేటు రేపటి సంది రావద్దన్నడు. దుమ్ముతోని గాదు, బీడీలతోని అన్నడు. మా బావ ఎన్నడు బీడీ తాగలే.

16 జనవరి 2007
జవాబు దొరికింది. మాకు రాయలే, ప్రేమ్‌చంద్ సార్ ఇంకో పుస్తకంల రాసిండు. మెడికల్ ఎథిక్స్ అంట. ఎథిక్స్ అంటె ఏందే అన్న. డాక్టర్లు నీతిగ ఎట్లుండాల్నో చెప్పే చదువు మామా అన్నది కరుణశ్రీ, తల వంచుకొని. కూలోళ్లు అబద్ధమాడి రిసెర్చ్‌ను మోసం చేస్తె డాక్టర్ ఏం జెయ్యాలె అని రాసిండంట. అండ్ల నేనున్న. మిల్లుల ఒక జోకర్. రెండేండ్లకు ఉత్తరం రాసి ఒప్పుకున్నడంట. మోసపోయింది సారేనంట, అయినా నన్ను మాఫ్ చేసిండంట.
లాడ్జి ఏడున్నదే అన్న. లేదు మామా. చాయ్? అది సుత లేదు.
గీ కాగితానికి అప్పుడే తొమ్మిది సైటేషన్లు. నీతి మీద మాట్లాడమని ఢిల్లీకి పిలిచిన్రంట. పాత కాగితం ఎట్లున్నది గట్లనే ఉన్నది. సేటు సొరుగుల సుత.

3 ఫిబ్రవరి
నడిపయ్యకు అంతా చెప్పిన. మోకాళ్ల మీద చేతులు పెట్టి కూసున్నడు. నా దిక్కు చూసి, మొఖం గోడ దిక్కు తిప్పిండు. కోపమా, ఊపిరి అందకనా, తెల్వలే.
అడుగలే.