ఈతకొలను లేని బడి

2019 సెప్టెంబర్ 9, సోమవారం

ఈత క్లాసయ్యాక లాకర్ గదికి వెళ్తే నా బట్టలు లేవు. తువ్వాలూ లేదు. మా క్లాసు పెయిస్లీ, దాని ముఠా ఫోన్లు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు. మనాటీ ఒడ్డుకొచ్చిందే, మళ్లీ నీళ్లలోకి తోయండే అంది పెయిస్లీ. మనాటీలంటే నీటి ఆవులు, మా ఫ్లోరిడా నదుల్లో తిరుగుతుంటాయి. బండంత ఒళ్లు, నత్త నడక. ఆరో క్లాసు నుంచీ నా పేరు అదే. ఒడెట్ అని ఎవరూ పిలవరు.

తడి స్విమ్‌సూట్‌తోనే కారిడార్ అంతా నడిచి వెళ్లి ఆల్జీబ్రా క్లాసులో కూర్చున్నాను. కుర్చీ కింద మడుగు కట్టింది. ఏడవలేదు. ఇంటికొచ్చి, షవర్ తిప్పి, అప్పుడు ఏడ్చాను.

సెప్టెంబర్ 10

అమ్మ రొయ్యలు వేయించే హోటల్లోంచి ఏప్రన్‌తోనే స్కూలుకొచ్చింది. ప్రిన్సిపాల్ లెడ్‌బెటర్ గారు కుర్చీ వేశారు, మంచినీళ్లిచ్చారు. ఇలా వేధింపులు పడ్డ పిల్లలకని స్టేట్ స్కాలర్‌షిప్ పెట్టిందట. నన్ను ప్రైవేటు బడికి పంపుకోవచ్చట, ఫీజు స్టేటే కడుతుందట. చెప్తుంటే ఆయన మొహంలో ఎంత రిలీఫో! మరి ఆ పిల్లనేం చేస్తారండీ అని అడిగింది అమ్మ. మూడు రోజులు సస్పెన్షన్ అన్నారు.

తనకి మూడు రోజులు, నాకేమో స్కూలే లేకుండానా సార్ అన్నాను. అమ్మ నా మోకాలు నొక్కింది.

సెప్టెంబర్ 12

పోట్లాట. పంతానికి పోతే పగిలేది నీ తలేనే అంది అమ్మ. వాళ్లని మార్చడం నా వల్ల కాదు, నిన్ను కాపాడుకోవడమే నా వల్ల అయ్యేది, సర్కారు ఒకసారి తలుపు తీసింది, మళ్లీ తీస్తుందో లేదో అంది. చర్చి వాళ్ల బడి చూసొచ్చిందట. చిన్నదట, శుభ్రంగా ఉందట. పూల్ ఉందా అన్నాను. లేదట.

సెప్టెంబర్ 14

అమ్మతో మాటల్లేవు.

సెప్టెంబర్ 15

నేనే మాట్లాడాను. వెళ్తాను, కానీ కౌంటీ ఈత పోటీలయ్యాకే అన్నాను. పారిపోయిందన్న మాట నేను పడను. అచ్చం మీ అమ్మమ్మవే, మొండిఘటం అంది అమ్మ. అంటే సరేనని.

అక్టోబర్ 5, శనివారం

ఐదొందల గజాల ఫ్రీస్టైల్. పోటీ మా పూల్లోనే. గ్యాలరీలోంచి మనాటీ, మనాటీ అని రాగం తీశారు. తువ్వాలు కప్పుకుని వెళ్లిపోదామనిపించింది, అబద్ధమెందుకు. తీసి కోచ్ చేతికిచ్చేశాను. గ్యాలరీ వైపు తిరిగి నిలబడ్డాను. చూసుకోండి, బాగా చూసుకోండి. రాగం కాస్త తడబడింది.

నాలుగో స్థానం. మెడల్ లేదు. ఇంత వేగంగా నేనెప్పుడూ ఈదలేదు. అమ్మ వేపుడు నూనె వాసనతోనే వచ్చి నన్ను తడితడిగా వాటేసుకుంది. ఇక వెళ్దామా తల్లీ అంది.

వెళ్దాం అన్నాను.

అక్టోబర్ 21

కొత్త బడి. యాన్సీ టీచర్ నా భుజం మీద చెయ్యి వేసి, ఈ పాప పాత బడిలో చాలా బాధలు పడి మన దగ్గరికొచ్చింది, అందరూ దయగా చూడాలి అంది. క్లాసంతా నన్ను కాలు విరిగిన కుక్కపిల్లని చూసినట్టు చూసింది. ఒకమ్మాయి అప్పుడే బిస్కెట్ అందిస్తోంది! పెయిస్లీ ముందు కూడా నాకింత మంట పుట్టలేదు.

టీచర్, నన్ను ఏడిపించిన మాట నిజమే, కానీ నేను ఐదొందల గజాలు ఆగకుండా ఈదుతాను, పరిచయం చేస్తే ఆ సంగతి చెప్పండి అన్నాను. వెనక నుంచి థియా అనే పిల్ల, ఇక్కడెక్కడ ఈదుతావమ్మా, చేతులు కడుక్కునే సింకులోనా అంది. అందరూ నవ్వారు. నాకూ నవ్వాగలేదు. ఆ నవ్వులో ముల్లు లేదు.

అక్టోబర్ 23

యాన్సీ టీచర్ సారీ చెప్పింది. తనూ కాలేజీలో ఈదేదట. నదికి వెళ్దామా అంది.

నవంబర్ 2

నదిలో నీళ్లు ఐసు. థియా, మా క్లాసులో ఇంకో ఇద్దరూ చెక్కవంతెన మీద నిలబడి నువ్వు దిగంటే నువ్వు దిగంటూ తోసుకుంటున్నారు. నేను దూకేశాను. తల పైకెత్తేసరికి ముగ్గురూ నీళ్లలోనే ఉన్నారు, చలికి బూతులు తిడుతూ. చర్చి బడి పిల్లలు!