మన వీధికి పదహారు పలకలు

అమ్మకు,

నేనిక్కడ కులాసా. నువ్వు, నీ సైకిల్ షాపు, నీ మోకాళ్లు కూడా కులాసా అని తలుస్తాను. మోకాళ్ల సంగతి మాత్రం నిజం రాయి, పోయినసారిలా దాచకు.

వేళకు తింటున్నావా అని అడిగావు. తింటున్నాను. యార్డులో పనేమిటని అడిగావు. రోడ్డు మీద కాంక్రీటు పోసి, అది గట్టిపడేదాకా దారి మూసి కూర్చునే పద్ధతి కాదు మాది. రోడ్డుకు పరిచే కాంక్రీటు పలకలన్నీ ఇక్కడే అచ్చుల్లో పోసి, బాగా గట్టిపడ్డాక లారీల్లో తీసుకెళ్లి, క్రేనుతో దించి వరసగా పేరుస్తాం. శనివారం పాత రోడ్డు తవ్వితే సోమవారం పొద్దున్నుంచి బండ్లు తిరుగుతాయి.

నువ్వు నమ్మవని తెలుసు. రోడ్డువాళ్ల మాట నీటిమూట అంటావు. ఏడు నెలలు మన గుమ్మం ముందు గొయ్యి ఉంటే ఒక్క సైకిలూ రాలేదు. ఆ తర్వాత వేసిన అతుకుల రోడ్డు చూసి జనం ఇప్పటికీ పై వీధిలోంచి పోతున్నారు. ఇంకోసారి తవ్వితే షాపుకు తాళం వేసేస్తానన్నావు.

కిందటిసారి ఇంటికొచ్చి, నా దగ్గర కూర్చోకుండా వీధంతా టేపుతో ఎందుకు కొలిచావని కదా నీ ఆఖరి ప్రశ్న? ఇంతసేపూ నసిగింది అందుకే. కొత్త రోడ్లు వేసే వీధుల జాబితాలో మన వీధి లేదమ్మా. నేనే బతిమాలి చేర్పించాను. నిన్ను అడిగితే వద్దంటావని అడగలేదు. తప్పే.

ఇంకో తప్పు కూడా విను. పలకను బోర్లా పోస్తాం, పైకి కనబడాల్సిన ముఖం అచ్చు అడుగున ఉంటుంది. తిప్పితే ఎడమది కుడికి వస్తుంది. మన షాపు ముందు పలకకు మ్యాన్‌హోల్ కన్నం పెట్టేటప్పుడు ఆ సంగతే మరిచిపోయాను. తిప్పి చూస్తే కన్నం అవతలి పక్కనుంది. మేస్త్రీ తల పట్టుకున్నాడు.

"ఎవరమ్మా దీనికి కొలతలిచ్చింది?"

"నేనే. అది మా అమ్మ షాపు ముందు వేసేది."

"సొంత అమ్మకే ఇలా చేస్తే ఊళ్లోవాళ్ల గతేంటి? మళ్లీ పోయాల్సిందే. ఈసారి మీ అమ్మ తిట్లు తలుచుకుంటూ కొలువు."

అలాగే చేశాను. కొత్త పలక గట్టిపడ్డాక, నేల మీద సుద్దతో మన వీధి కొలతలు గీసి దాన్ని దించి చూశాం. వెంట్రుకవాసి తేడా లేదు. ఏడుపొచ్చింది నాకు.

వచ్చే శనివారం పదహారు పలకలతో వస్తున్నాం. భయంగానే ఉంది, కానీ భయం కన్నా నమ్మకం ఎక్కువగా ఉంది. శని, ఆదివారాలు నాతో మాట్లాడకపోయినా సరే. తిట్టాలనుంటే సోమవారం పొద్దున షాపు తెరిచి, గుమ్మంలో నిలబడి తిట్టు. ఎదురుగా రోడ్డు మీదే ఉంటాను.

ఇట్లు,
తిట్లకు సిద్ధంగా ఉన్న
నీ పెద్ద కూతురు